లాయంలో ఇరుగుపొరుగు

సుమారు 700 ఏళ్ల కిందట వస్సాఫ్ అనే పారశీక చరిత్రకారుడు మన దక్షిణాది తీరం గురించి రాశాడు. మాబర్ దేశం కులం నుంచి నిలావర్ దాకా సముద్రం పొడవునా ఉందన్నాడు. కులం అంటే ఇప్పటి కొల్లం. నిలావర్ అంటే మన నెల్లూరేనని చరిత్రకారుల మాట. అంటే ఆనాటి అరబ్బు గుర్రాల వర్తకుల లెక్కలో ఆ దేశానికి ఉత్తరపు కొస మనం.

ఆయన ఇచ్చిన అంకెలు చూడండి. ఖతీఫ్, బహ్రెయిన్, హోర్ముజ్ వంటి రేవుల నుంచి ఈ దేశానికి ఏటా 10,000 గుర్రాలు వచ్చేవట. ఒక్కో గుర్రం ఖరీదు 220 బంగారు దీనార్లు. దారిలో సముద్రం మీద చచ్చిపోయినా సరే, ఆ సొమ్ము వర్తకుడికి ముట్టాల్సిందే. వచ్చిన గుర్రాలకు ఇక్కడ జరిగిన మర్యాదల్నీ ఆయన రాశాడు. పచ్చి బార్లీ బదులు వేయించిన బార్లీ పెట్టేవారు. వెన్న కలిపిన గింజలు పెట్టేవారు. కాచిన ఆవుపాలు తాగించేవారు. మనం ఈనాటికీ ఇంటికొచ్చిన చుట్టానికి చేసే మర్యాద ఇదే కదా!

ఆ వెంటనే వస్సాఫ్ మరో సంగతి చెప్పాడు. ఈ ప్రసంగానికి పూనుకున్నది దాని కోసమే. ఆ గుర్రాలకు ఒళ్లు పట్టాలని నలభై రోజుల పాటు తాళ్లతో, మేకులతో లాయంలో కట్టేసి ఉంచేవారట. ఆ తరవాత శిక్షణ లేకుండా సైనికులు ఎక్కి తోలేవారట. ఎంత చురుకైన గుర్రమైనా కొద్దికాలంలోనే నీరసించి, మందగించి, ఎందుకూ పనికిరాకుండా పోయేదట.

అదే కాలంలో మార్కోపోలో కూడా ఇలాంటి మాటే రాశాడు. ఈ దేశంలో గుర్రాలకు వైద్యం తెలిసినవాళ్లు లేరనీ, అన్నమూ మాంసమూ కలిపి పెడతారనీ, అందుకే అవి చచ్చిపోతున్నాయనీ అన్నాడు. మన మోటుపల్లి రేవును ముత్ఫిలి అని పేర్కొన్నవాడు ఆయనే. ఆ రేవులో సముద్ర వర్తకులకు అభయం ఇస్తూ కాకతి గణపతిదేవుడు శాసనం వేయించింది 1244లో. రాజులకు గుర్రం విలువ తెలుసు. కాకతీయుల కొలువులో ఏనుగులకూ గుర్రాలకూ సాహిణులనే అధికారులు ఉండేవారు. 1514లో మన ఉదయగిరి కోటను గెలిచిన కృష్ణదేవరాయలు ఏటా 13,000 హోర్ముజ్ గుర్రాలు కొనేవాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. విదేశాల నుంచి గుర్రాలు తెచ్చే వర్తకుల్ని ఆదరించాలనీ, లేకపోతే ఆ గుర్రాలు శత్రువు చేతికి పోతాయనీ రాయలవారే ఆముక్తమాల్యదలో హెచ్చరించారు.

ఇంత డబ్బు పోసి కొన్న జంతువులు ఎందుకు నిలవలేదు? ఉక్క అన్నారు, తిండి పడలేదన్నారు, వైద్యులు లేరన్నారు. అన్నీ నిజమే. మన తీరంలో రోహిణీ కార్తె ఎండకు, ఆ మీదట చెమట ఆరనివ్వని సముద్రపు తేమకు ఎడారి నుంచి వచ్చిన జంతువు తట్టుకోవడం కష్టమే. అయినా నా మనసు ఆ నలభై రోజుల దగ్గరే ఆగిపోతుంది. మెడకు ముందుతాడు, కాళ్లకు వెనకతాడు. తల తిప్పి పక్కనున్న గుర్రాన్ని తాకడానికి వీలుండేదా? పక్కనున్నది దాంతో పాటు ఓడలో వచ్చిందేనా, లేక ఎప్పుడూ చూడని గుర్రమా? ఈ సంగతి ఎవరూ రాయలేదు. దాణా ఖర్చు రాసినవాళ్లు పొరుగు సంగతి వదిలేశారు. గుర్రం ఆరోగ్యంలో దాణా ఎంతో పొరుగూ అంతేనని ఇవాళ మనకు తెలుసు. అందుకే ఇప్పటికైనా దాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

గుర్రం ఒంటరి జంతువు కాదు. దానికి కొమ్ముల్లేవు, కోరల్లేవు. దాని రక్షణ అంతా పరుగులోనూ, తోడులోనూ ఉంది. మందలో ఒకటి మేస్తుంటే మరొకటి తలెత్తి చూస్తుంది. ఒకటి పడుకుంటే ఇంకొకటి నిలబడి కాపలా కాస్తుంది. గుర్రం నిలబడే కునుకు తీస్తుందని అందరికీ తెలుసు. మోకాళ్లూ కీళ్లూ బిగిసి పడిపోకుండా ఉండే ఏర్పాటు దాని కాళ్లలోనే ఉంది. అయితే అది కునుకు మాత్రమే. కండరాలన్నీ సడలి, కలలు వచ్చే గాఢనిద్ర కావాలంటే గుర్రం కచ్చితంగా నేల మీద ఒరగాలి. రోజుకు అరగంటో గంటో అలాంటి నిద్ర దొరికితే చాలు. భయం ఉన్నచోట, కాపలా కాసే తోడు లేనిచోట గుర్రం పడుకోదు. అలా రోజుల తరబడి పడుకోని గుర్రం నిలబడ్డచోటే నిద్ర ముంచుకొచ్చి ముందుకు కూలబడుతుంది. ముందు కాళ్ల కీళ్ల మీద గీరుకుపోయిన గాయాలు మాటిమాటికీ కనిపిస్తుంటే వాటికి మందు రాసి ఊరుకోకండి. ఆ గుర్రం రాత్రి పడుకుంటోందో లేదో చూడండి. పక్కన ఎవరున్నారో చూడండి.

రెండు గుర్రాలకు స్నేహం కుదిరిందని తెలుసుకోవడం తేలిక. ఎదురెదురుగా నిలబడి ఒకదాని మెడ మీదుగా మరొకటి తల చాచి, జూలు మొదలయ్యే చోట, భుజాల మీద ఎత్తుగా ఉండే చోట పళ్లతో మెల్లగా గోకుతుంది. గోకించుకున్నది ఊరికే ఉండదు, అదీ గోకుతుంది. ఫ్రాన్స్‌లోని కమార్గ్ ప్రాంతంలో స్వేచ్ఛగా తిరిగే గుర్రాల మీద క్లాడియా ఫే, జాన్ ద మజియేర్ అనే ఇద్దరు పరిశోధకులు 1993లో ఒక విషయం ప్రకటించారు. సరిగ్గా ఆ చోట, మెడ మొదట్లో గోకినప్పుడు గుర్రం గుండె వేగం తగ్గుతుంది. ఇంకోచోట గోకితే అలా తగ్గలేదు. గుర్రానికి మాలీసు చేసే సైసులకు ఇది అలవాటైన సంగతే. అక్కడ చెయ్యి పడగానే పెదవి వేలాడేసి కళ్లు సగం మూస్తుంది. మన ఈగల కాలంలో మరో దృశ్యం చూడవచ్చు. రెండు నేస్తాలు తలకు తోక చేర్చి నిలబడి, ఒకదాని ముఖం మీది ఈగల్ని మరొకటి తోకతో తోలుతుంటాయి. జోరీగలు కుట్టి సర్రా జబ్బు తెచ్చే తీరంలో ఇది చిన్న సాయం కాదు.

గోడకటూ ఇటూ ఉన్న గుర్రాల మధ్య ఎప్పుడూ ప్రేమే ఉంటుందని చెప్పను. పడనివాటి సంగతి చెవులే చెప్పేస్తాయి. చెవులు వెనక్కి అణిచి, ముక్కుపుటాలు ముడిచి, మెడ పాములా చాచి పక్కదాన్ని బెదిరిస్తుంది. తోక విసురుతుంది, అడ్డగోడను తంతుంది. కొత్తగా పక్కపక్కన చేరిన గుర్రాలు ముక్కూ ముక్కూ ఆనించి వాసన చూసుకుని, కీచుమని అరిచి, ముందుకాలితో నేలను కొడతాయి. ఆ అరుపు విని కంగారుపడి వెంటనే విడదీయడం తొందరపాటు. అది పరిచయం. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో అది సద్దుమణుగుతుంది. రోజులు గడిచినా మేతవేళకు పక్కదాని వైపు చూస్తూ తినడం మానేసే గుర్రం, మూలకు ఒదిగి నిలబడే గుర్రం ఉంటే మాత్రం ఆ పొరుగు కుదరలేదన్నట్టే. అప్పుడు చోటు మార్చాలి. పెద్దగా ఉన్నదే పెత్తనం చేస్తుందని అనుకోవడానికి లేదు. వయసు మళ్లిన పొట్టి ఆడగుర్రం ఒక్క చెవి కదలికతో ఎత్తైన మగగుర్రాన్ని గడ్డి దగ్గర నుంచి వెనక్కి పంపగలదు.

ఎక్కువ గొడవలు దాణా దగ్గరే వస్తాయి. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మన సామెత. ఉలవల బుట్ట చప్పుడు వినగానే వరస మొత్తం కదులుతుంది. మొదటి గదికి పెట్టి చివరి గదికి చేరేసరికి, ఆ మధ్యలో ఉన్నవన్నీ తలుపులు తన్ని, ఒకదాని మీద ఒకటి కోపం తీర్చుకుంటాయి. ఇద్దరు మనుషులు రెండు కొసల నుంచి ఒకేసారి మొదలుపెడితే ఆ గోల సగానికి సగం తగ్గుతుంది. దాణాకు ముందే ఎండుగడ్డి వేసి ఉంచితే ఇంకా మేలు. గుర్రం పొట్ట చిన్నది, రోజంతా కొంచెం కొంచెంగా మేయడానికి తయారైనది. నోట్లో గడ్డి ఉన్న గుర్రానికి పక్కదాని గాడి మీద చూపు పోదు.

ఇక పొరుగే లేని గుర్రం సంగతి. నాలుగు వైపులా నిలువెత్తు గోడలున్న గదిలో ఒంటరిగా పెట్టిన గుర్రం కొన్నాళ్లకు తలుపు దగ్గర నిలబడి ముందుకాళ్ల మీద అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. గంటల తరబడి ఊగుతుంది. కొన్ని గాడి అంచును పళ్లతో పట్టి గొంతులోకి గాలి లాగుతాయి. దీన్ని చెడు అలవాటు అని తిట్టి మెడకు పట్టీ బిగించేవాళ్లున్నారు. నా దృష్టిలో అది గుర్రానికి చేసే రెండో అన్యాయం. ఇంగ్లండ్‌లో కూపర్, మిల్స్ అనే పరిశోధకులు తమ తోటివారితో కలిసి 2000లో చేసిన పని చాలా సాదాగా ఉంది. ఊగే గుర్రాల గదులకు కిటికీలు తెరిచారు, పక్క గుర్రం కనపడేలా చేశారు. ఊగడం బాగా తగ్గిపోయింది. రెండేళ్ల తరవాత ఆ బృందం వాళ్లే గదిలో అద్దం పెట్టి చూశారు. అద్దంలో కనబడే గుర్రం కూడా కొంత ఊరటనిచ్చింది. ఆ ఫలితం చదివినప్పుడు నాకు సంతోషం కన్నా బాధే ఎక్కువ కలిగింది. తన నీడను చూసి తెప్పరిల్లే జంతువు ఎంత ఒంటరితనంలో ఉండి ఉండాలి! ఒక గుర్రానికి మరో గుర్రం కనపడాలి, వినపడాలి, వాసన తగలాలని స్విట్జర్లాండ్ 2008 నాటి జంతు సంరక్షణ నిబంధనల్లో రాసుకుంది. మనకూ అలాంటి మాట నిబంధనల్లో ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను.

ఇదంతా కొత్త విషయమూ కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో అశ్వాధ్యక్షుడి ప్రకరణం ఉంది. గుర్రం పొడవెంతో అంత చదరంగా ఒక్కో గది ఉండాలన్నాడు. నున్నటి పలకల నేల, మేతకు గాడి, మూత్రం పేడ పోయే దారి ఉండాలన్నాడు. లాయం మధ్యలో గుర్రాలు దొర్లడానికి ఖాళీ వదలమన్నాడు. ఆడగుర్రాలకు, మగగుర్రాలకు, పిల్లలకు వేరు వేరు చోట్లు చెప్పాడు. ఆపైన ఆ లాయంలో కోతులు, నెమళ్లు, జింకలు, ముంగిసలు, చకోరాలు, చిలుకలు, గోరువంకలు ఉండాలన్నాడు. విషం, పాము, జబ్బు దగ్గరకు రాకుండా ఇవి కాపాడతాయని పూర్వులు నమ్మారు. ఏ నమ్మకంతో పెట్టినా, ఆ గుర్రాలకు చుట్టూ అలికిడి ఉండేది, చూడటానికి ఏదో ఒకటి ఉండేది.

లాయంలో కోతి అనగానే అమెరికా పందెపు గుర్రం సీబిస్కెట్ గుర్తొస్తుంది. 1936లో చార్లెస్ హోవర్డ్ దాన్ని కొన్నప్పుడు అది నిద్రపోక, తిండి సరిగా తినక, గదిలో చుట్లు తిరుగుతూ చిక్కిపోయి ఉంది. శిక్షకుడు టామ్ స్మిత్ ముందు ఒక మేకను తోడుగా పెట్టాడు. సీబిస్కెట్ ఆ మేకను పళ్లతో పట్టి తలుపు మీదుగా బయటికి విసిరేసింది. అప్పుడు స్మిత్ పంప్‌కిన్ అనే నిదానమైన గుర్రాన్ని తెచ్చాడు. రెండు గదుల మధ్య గోడ తీయించేశాడు. ఆ రెండూ జీవితాంతం స్నేహితులయ్యాయి. ఒక కుక్క, జోజో అనే కోతి కూడా వచ్చి చేరాయి. ఆ గుర్రమే 1938 నవంబరు 1న పిమ్లికోలో వార్ అడ్మిరల్‌ను ఓడించింది. పంప్‌కిన్ వల్లే గెలిచిందని నేను అనను. రాత్రి నిద్రపోని గుర్రాన్ని ఎంత గొప్ప శిక్షకుడూ పరుగెత్తించలేడని మాత్రం అంటాను.

ఇప్పుడు మన ఊళ్లకు వద్దాం. మొహర్రం వేళ రొట్టెల పండగకు నెల్లూరు చెరువుగట్టున జనం ఇసకవేస్తే రాలనట్టుంటారు. అక్కడి బారాషహీద్ దర్గాలో ఉన్న అమరవీరుల మొండేలను యుద్ధభూమి నుంచి వాళ్ల గుర్రాలే మోసుకొచ్చాయని తరతరాలుగా చెప్పుకుంటారు. గుర్రం విశ్వాసాన్ని ఇంత గౌరవంగా తలుచుకునే నేల ఇది. జట్కాలు తిరిగిన రోజుల్లో గుర్రం ఇంటి వెనక పాకలో ఒంటరిగా ఉన్నా, పొద్దున్నే స్టాండులో పది గుర్రాల వరసలో నిలబడేది. కళ్లకు గంతలున్నా పక్కదాని ఊపిరి తెలిసేది. ఆ కాలం పోయింది. ఇప్పుడు పెళ్లి ఊరేగింపుకు ఒక గుర్రం, బీచ్‌లో పిల్లల్ని తిప్పడానికి ఒక గుర్రం అన్నట్టుంది. పని ఉన్నప్పుడు బాజాలూ జనమూ, పని లేనప్పుడు రేకుల షెడ్డులో ఒంటరితనం. హైదరాబాదు మలక్‌పేట వంటి రేసుకోర్సుల్లో వరస లాయాలుంటాయి కనుక అక్కడ పక్కవాళ్లయినా ఉంటారు.

గుర్రాన్ని పెంచే మిత్రులకు నాలుగు మాటలు చెప్పాలి. మన తీరంలో గదుల మధ్య నిలువు గోడ కట్టడం రెండు విధాల నష్టం. పక్క గుర్రం కనబడదు, సముద్రపు గాలి ఆడదు. ఉక్కకు చెమట పట్టడమే ఆగిపోయే జబ్బు గుర్రాలకుంది. అది వచ్చిన గుర్రం వేడికి ఊపిరాడక రొప్పుతుంది. గుర్రం ఛాతీ ఎత్తు వరకే గట్టి గోడ కట్టి, పైన ఇనుప కడ్డీలు పెట్టించండి. గాలి ఆడుతుంది, ముక్కులు కలుస్తాయి. కడ్డీల సందులో గిట్ట ఇరుక్కోకూడదు, అదొక్కటి చూసుకోవాలి. మగగుర్రాలు పక్కపక్కన ఉంటే చంపుకుంటాయన్న భయం కూడా మరీ ఎక్కువ చేసి చెప్పేదే. స్విట్జర్లాండ్‌లో అవాన్ష్ అనే చోట ఉన్న జాతీయ అశ్వశాలలో, తల చాచి ఒకదాన్నొకటి తాకేలా నిలువు కడ్డీల మధ్య మగగుర్రాల్ని ఉంచి చూశారు. మొదట హడావుడి చేసినా పెద్ద గాయాలు కాలేదు. ఇది తెలిసినవాళ్లు దగ్గరుండి చేయాల్సిన పని. ఎలా పడితే అలా కట్టేసి చూడమని నేను చెప్పడం లేదు.

కొత్త గుర్రం వస్తే మాత్రం వచ్చీరాగానే పక్కన చేర్చవద్దు. గ్లాండర్స్ వంటి ప్రాణాంతకమైన జబ్బులు ముక్కు నుంచి, ఒకే తొట్టిలో నీళ్ల నుంచి అంటుకుంటాయి. గ్లాండర్స్ మనిషికీ సోకుతుంది. మూడు వారాలు దూరంగా కట్టి, పశువైద్యుడికి చూపించి, రక్తపరీక్ష చేయించండి. ఆ మూడు వారాలూ మిగతా గుర్రాలు దానికి కనపడేంత దూరంలోనే ఉంచండి. తాకకూడదు కానీ చూసుకోవచ్చు. ఆ తరవాత నెమ్మదిగా ఉండే గుర్రం పక్కన చోటివ్వండి. ఒకసారి కుదిరిన జోడీని ఊరికే మార్చవద్దు. పక్కదాన్ని అమ్మేసిన రోజు నుంచి మేత ముట్టని గుర్రాలుంటాయి. అమ్మక తప్పనప్పుడు, మిగిలినదానికి ముందుగానే రెండో వైపు మరో పరిచయం కలిగించాలి. రెండో గుర్రం పోషించే శక్తి లేనివాళ్లు మేకనో గాడిదనో తోడు పెట్టవచ్చు. గుర్రాన్నీ గాడిదనూ ఒకే గాటన కట్టకూడదంటారు గానీ, తోడు విషయంలో గాడిద చాలా నమ్మకమైనది. సీబిస్కెట్ చేసినట్టు మేకను విసిరేసే గుర్రాలూ ఉంటాయి కనుక మొదటి రోజుల్లో కంట కనిపెట్టి ఉండండి.

అక్టోబరు, నవంబరు నెలల్లో మనకు తుపాన్లు తప్పవు. తీరంలో ఉన్న గుర్రాల్ని మెరకకు తరలించాల్సి వస్తే పొరుగు జోడీలను విడదీయకుండా ఒకే లారీలో ఎక్కించండి. నెమ్మదైనదాన్ని ముందు ఎక్కిస్తే రెండోది దాని వెనకే వస్తుంది. తెలియని చోట దించాక కూడా లాయంలో ఏది ఏ పక్కన ఉండేదో అదే వరసలో కట్టండి. ఆ వరస ఇప్పుడే ఒక కాగితం మీద రాసి లాయం తలుపు లోపల అంటించుకుంటే, గాలివాన వేళ సైసు ఊళ్లో లేకపోయినా ఇంట్లోవాళ్లు ఆ పని చేయగలుగుతారు.